దాచిన నెట్‌వర్క్

మా ఆవిడ చంద్రకళ ఫోనులో అవతలివాళ్ళు "ఉంటానండీ" అనేదాకా ఫోను పెట్టదు. అది ఆవిడ పుట్టింటి మర్యాద. గ్యాస్ వాళ్ళైనా, క్రెడిట్ కార్డు అమ్మేవాళ్ళైనా, రాంగ్ నంబరైనా సరే, మాట మధ్యలో పెట్టేస్తే మొహం మీద తలుపు వేసినట్టేనంటుంది. నేనలా కాదు. కైకలూరు రోడ్డులో ఐస్ ఫ్యాక్టరీకి మేనేజర్ని. చేపల లారీ డ్రైవర్లు రోజూ ఫోన్లు చేసి కథలు చెబుతారు, దిమ్మలు దారిలో కరిగిపోయాయనీ, ఎక్కించేటప్పుడే తక్కువ ఎక్కించామనీ. సగం కథలోనే పెట్టేస్తాను. వెంకట్రాజుని మోసం చేయడం అంత తేలిక కాదని మా ఓనరుకు తెలుసు, డ్రైవర్లకు తెలుసు, అందరికంటే ఎక్కువ నాకే తెలుసు.

ఆ మర్యాదే ఈ వేసవిలో ఆవిడ ప్రాణం మీదికి తెచ్చింది.

ఒకరోజు పొద్దున నేను ఫ్యాక్టరీకి బయల్దేరగానే ఆవిడకు ఎవడో వీడియో కాల్ చేశాడు. ఖాకీ చొక్కా, వెనకాల గోడకు జెండా, బల్ల మీద ఫైళ్ళు. ఢిల్లీ నుంచి పెద్ద పోలీసు అధికారిని అన్నాడు. మీ పేరుతో వెళ్తున్న పార్సెల్‌లో మత్తుమందు దొరికింది, మీరిప్పుడు అరెస్టులో ఉన్నారు, గది తలుపు వేసుకుని కెమెరా ముందు కూర్చోండి, ఎవరికైనా చెబితే మీ వారిని కూడా లోపల వేస్తాం, మీ ఇంటి చుట్టూ రహస్య నిఘా ఉంది అన్నాడు. అంతా హిందీలోనే. మా ఇంట్లో హిందీ వచ్చింది ఆవిడొక్కదానికే. వీధి వైపు గదిలో పిల్లలకు హిందీ పరీక్షలకు ట్యూషన్ చెబుతుంది. ఢిల్లీ మనిషి తనతో హిందీలో మాట్లాడుతుంటే భయంతోపాటు కాస్త గౌరవం కూడా కలిగిందట. "జీ... జీ..." అనుకుంటూ, సాయంత్రం నేను తిరిగొచ్చేదాకా అలాగే కూర్చుంది. వాడు "ఉంటాను" అనలేదు. ఈవిడ పెట్టలేదు.

నేను తలుపు బాది, లోపలికెళ్ళి, వాడేదో అంటుండగానే ఫోను లాక్కుని కట్ చేశాను. ఒక్క రూపాయి పోలేదు. బంధువులందరూ అదృష్టవంతులన్నారు. పోయింది మా ఆవిడ. ఇంట్లోనే ఉంది, వంట చేస్తుంది, అడిగితే జవాబు చెబుతుంది, అయినా మనిషి లేదు. ట్యూషన్ గదికి తాళం వేసి, వచ్చిన పిల్లలను కిటికీలోంచే పంపించేసింది. స్నానాల గది తలుపు గడియ వేసుకోవడం మానేసింది. హిందీ ముక్క నోటి వెంట రాలేదు. పోలీసుల దగ్గరికి తీసుకెళ్తే వాళ్ళు పాపం ఎంతో ఓపికగా, అదంతా మోసమనీ, అలాంటి అరెస్టే ఉండదనీ, ఫోన్లు ఎలా జాగ్రత్తగా వాడుకోవాలో కూడా చెప్పారు. అన్నిటికీ తలూపింది. ఇంటికొచ్చాక నాతో మెల్లగా అంది.

"ఇక్కడివాళ్ళకు ఈ కేసు సంగతి తెలియదని ఆయన ముందే చెప్పారండీ."

"ఆయనేంటి, ఆయన! వాడు దొంగ వెధవ."

"మీరు మధ్యలో లాగేశారు. ఆయన మాట పూర్తి కాలేదు. ఒక్కసారి నేనే చేసి, తప్పయిపోయింది, క్షమించండి అని చెబితే అక్కడితో వదిలేస్తారేమో."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంతమంది పిల్లలకు చదువు చెబుతావు, ఎవడో ఫోను చేస్తే నమ్మడానికి బుద్ధి లేదా అన్నాను. ఒకసారి కాదు, చాలాసార్లు అన్నాను. అన్నప్పుడల్లా ఆవిడ తల దించుకునేది. వాడి నంబరు నేను ఫోనులోంచి తీసేశాను గానీ ఆవిడ బుర్రలోంచి తీయలేకపోయాను. ఆవిడకు ఆ నంబరు కంఠతా వచ్చు. ఫ్యాక్టరీలో కూర్చున్నంతసేపూ నా భయం అదే. ఎప్పుడో ఒకప్పుడు, నేను ఇంట్లో లేనప్పుడు, ఆవిడే వాడికి ఫోను చేసి తనంతట తాను వాడి చేతిలో పడుతుంది. ఈసారి లాగేయడానికి నేను పక్కన ఉండకపోవచ్చు. ఇంటి వెనకే ఏలూరు కాలవ. ఆ ఆలోచన వస్తే కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయేవాణ్ణి.

నా అవస్థ చూసి తాడేపల్లిగూడెం నుంచి మా బావమరిది ఫణికిరణ్ వచ్చాడు. ఇంజినీరింగ్ కాలేజీలో లెక్చరరు. గేటు దగ్గరొక కెమెరా, హాల్లోనొకటి పెడితే మీరు ఫ్యాక్టరీ నుంచే అక్కను చూసుకోవచ్చు బావగారూ అన్నాడు. ఉన్న వైఫై గేటుదాకా అందదని పాత రూటరు తీసేసి, మెష్ అని కొత్తది తెచ్చి బిగించాడు. తెల్లటి పెట్టెలు ఇంట్లో అక్కడక్కడా పెడితే ఒకదాని నుంచి ఒకటి అందుకుని ఇల్లంతా ఒకే వైఫై ఇస్తాయట. వాడు వచ్చిన రోజు ఫ్యాక్టరీలో మిషను మొరాయించి నేను ఇంటికి రాలేకపోయాను. నేను వచ్చేసరికి హాల్లో ఒక పెట్టె, వంటింట్లో ఒక పెట్టె చిన్న దీపాలతో వెలుగుతున్నాయి. కరెంటు పోయినా కెమెరాలు ఆగకుండా అన్నీ ఇన్వర్టరు లైను మీదే పెట్టానని కాగితం ముక్క మీద రాసి వెళ్ళిపోయాడు. హమ్మయ్య అనుకున్నాను.

ఆ ఆదివారం పొద్దుటి నుంచీ ముసురు. నేను వరండాలో పేపరు చూస్తున్నాను. చంద్రకళ ఇన్నాళ్ళకు తన ఫోను చేతిలోకి తీసుకుంది. గేటు కెమెరాలో వాన ఎలా కనిపిస్తుందో చూస్తానంది. నా సంతోషం చెప్పలేను. లేచి టీ పెట్టబోయాను కూడా.

"ఏవండీ, ఒకసారి ఇలా రండి."

గొంతు వినగానే టీ గిన్నె వదిలేసి వెళ్ళాను. ఆవిడ ఫోను నా ముందు పెట్టింది. వైఫైల జాబితా. పైన మా ఇంటి పేరు. దాని కింద, సిగ్నల్ గీతలు నిండుగా, ఇంకొకటి. ఆవిడ ఫోనులో అన్నీ తెలుగులోనే వస్తాయి. అక్కడ "దాచిన నెట్‌వర్క్" అని ఉంది.

"ఇది ఇదివరకు లేదండీ."

"ఎవరిదో అయ్యుంటుందిలే."

"రహస్య నిఘా అన్నారు కదండీ ఆయన. దాచినది అంటే అదే కదా." ఫోను బల్ల మీద బోర్లా పెట్టింది. "ఇంతకాలం బయట ఉన్నారు. ఇప్పుడు ఇంట్లోకి వచ్చేశారు. ఇంక దాక్కుని లాభం లేదండీ. ఆ రోజు మీరు లాగేసిన వేళకే, దీపాలు పెట్టేటప్పుడు, నేనే ఫోను చేసేస్తాను. మీ జోలికి రావద్దని అడుగుతాను."

అని లోపలికెళ్ళి ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. ఆ రోజు నలిగిన చీరతో కూర్చున్నందుకు వాడేదో అన్నాడట. ఇప్పుడు మంచి చీర కట్టుకుని, గ్లాసుతో మంచినీళ్ళు పెట్టుకుని, భోజనాల బల్ల దగ్గర ఫోను ముందు కూర్చుంది. అది చూసి నాకు ఏడుపు, కోపం రెండూ ఒక్కసారే వచ్చాయి. ఫోను లాక్కోవచ్చు. ఇవాళ లాక్కుంటాను. రేపు? ఎదురింటికెళ్ళి అడిగితే ఎవరైనా ఫోనిస్తారు. ఆ దాచినదేదో మాదేనని, దాని వెనక ఎవడూ లేడని ఆవిడకు కంటితో చూపించాలి. అదొక్కటే దారి.

ఫణికిరణ్‌కి ఫోను చేశాను. తణుకులో పెళ్ళిలో ఉన్నాడు. వెనకాల బ్యాండు మోత.

"దాచిన నెట్‌వర్కా? అది మామూలేనండి బావగారూ. మెష్‌లో అలా వస్తుంది. కంగారు పడకండి. తలంబ్రాలవుతున్నాయి, అయ్యాక చేస్తాను" అన్నాడు. ఇంకో మాట అడిగేలోపు పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

"ఏమన్నాడండీ?"

"మామూలేనట."

"మామూలే అంటే ఎవరిదట?"

మామూలే అన్న మాటతో భయం పోయేదైతే ఇన్నాళ్ళు ఎందుకుంటుంది?

గొడుగు కూడా వేసుకోకుండా ఎదురింటికి పరిగెత్తాను. దేవదానం గారు హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. ఆదివారం ప్రార్థన నుంచి వచ్చి భోజనానికి కూర్చున్నారు. మీ వైఫై ఒక్క నిమిషం ఆపుతారా, మా ఆవిడకు చూపించాలి అన్నాను. మా సంగతి ఆయనకు తెలుసు. ఎందుకని అడగలేదు.

"ఆయ్, దానికేం భాగ్యమండీ. వైఫై ఒక్కటే ఎందుకు, మెయినే తీసేత్తాను" అని ఎంగిలి చేత్తోనే లేచి ఇల్లంతా చీకటి చేసేశారు. నేను తిరిగొచ్చి చూస్తే జాబితాలో వాళ్ళ పేరు పోయింది. దాచినది అలాగే ఉంది.

హాల్లో పెట్టె ప్లగ్గు పీకాను. ఉంది. వంటింట్లో పెట్టె కూడా పీకాను. కాసేపటికి మా ఇంటి పేరు పోయింది. దాచినది పోలేదు. పైగా ఇప్పుడు జాబితాలో అదొక్కటే మిగిలింది. ఇంక కోపం ఆగక మా ఇంటి మెయిన్ స్విచ్ కూడా కిందికి కొట్టాను. ఇన్వర్టరు మీద ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి. జాబితాలో దాచినదీ అలాగే ఉంది.

"చూశారా" అంది చంద్రకళ. "మనవన్నీ ఆపేసినా ఉంది. మనది కాదండీ."

నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నేనూ నమ్మాను. ఎవడో ఎక్కడో గోడవతల కూర్చుని మమ్మల్ని చూస్తున్నాడనిపించి, కిటికీ రెక్కలు వేసి వచ్చాను. వేసినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. ఆవిడ భయం పోగొట్టడానికి బయల్దేరినవాణ్ణి, అదే భయంతో కిటికీలు వేస్తున్నాను.

బయట వాన మబ్బుకు మధ్యాహ్నమే పొద్దు వాలినట్టుంది. దీపాలు పెట్టే వేళ ఎంతో దూరంలో లేదు. ఆవిడ గ్లాసులో నీళ్ళు తాగి, మళ్ళీ నింపుకుని వచ్చి కూర్చుంది. కంపెనీవాడినే అడుగుతానని నా ఫోను తీశాను. ఆ పెట్టె కంపెనీ పేరు కొట్టి, కస్టమర్ కేర్ అని వెతికితే మొదటే నంబరు వచ్చింది. చేశాను. ఒక్క రింగుకే ఎత్తారు. ఏ కంపెనీ అయినా ఒక్క రింగుకు ఎత్తుతుందా అని ఇంకో రోజైతే అడిగేవాణ్ణి.

అవతల మగగొంతు. మెత్తగా, నెమ్మదిగా, హిందీలో ఏదో అన్నాడు. తెలుగు అన్నాను. తెలుగు లేదన్నాడు. నా ఇంగ్లీషంతా పోగేసి, "మెష్, టూ బాక్స్ ఆఫ్, స్టిల్ కమింగ్, హిడెన్" అని అరిచాను. ప్రతి ముక్కకూ "యస్ సర్, యస్ సర్" అన్నాడు. పొద్దుటి నుంచి నన్ను కంగారు పడొద్దు అన్నవాళ్ళే గానీ నా మాట విన్నవాడు లేడు. వీడు విన్నాడు. ఫోనుకు ఏదో లింకు పంపించి నొక్కమన్నాడు. నొక్కాను. ఏదో యాప్ దిగడం మొదలైంది. తర్వాత చాలాసేపు హిందీలో చెప్పాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు. కట్ చేస్తాడేమోనని ప్రాణం కొట్టుకుంది.

"చంద్రా, ఒక్కసారి మాట్లాడవా. కంపెనీ ఆయన. హిందీ."

ఆవిడ నా వంక చూసిన చూపు నేను మర్చిపోలేను. నిప్పు పట్టుకోమంటే చూసినట్టు చూసింది.

"నేను మాట్లాడలేనండీ."

"నా కోసం. ఈ ఒక్కసారి. ఆ దాచినది ఏంటో ఆయన చెబుతాడు. దండం పెడతాను."

నిజంగానే దండం పెట్టాను. ఆవిడ లేచి, పమిట సర్దుకుని, ఫోను అందుకుంది.

"జీ" అంది. కాసేపు విని, "జీ" అంది మళ్ళీ.

ఆ రోజు నేను తలుపు బాదే ముందు లోపల నుంచి వినిపించిన "జీ" కూడా ఇదే. అయినా మాట్లాడుతోంది కదా, ఇన్నాళ్ళకు హిందీ నోట వచ్చింది కదా అని సర్ది చెప్పుకున్నాను. ఆవిడ ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి నా వైపు తిరిగింది.

"పక్కన ఎవరున్నారని అడుగుతున్నాడండీ."

"మావారున్నారని చెప్పు."

చెప్పింది. విన్నది.

"మీ వారిని అక్కడే ఉండమని, నన్ను గదిలోకెళ్ళి తలుపు వేసుకోమంటున్నాడు."

"సిగ్నల్ కోసమేమో."

"ఏం జరిగినా లైను కట్ చేయవద్దంటున్నాడు."

"చేయకు మరి! ఇంత కష్టపడితే దొరికాడు."

ఆవిడ కదల్లేదు. నా మొహంలోకి అలాగే చూస్తూ ఉండిపోయింది. ఎక్కడో చూసిన మనిషిని గుర్తుపట్టబోతున్నట్టుంది ఆ చూపు.

"ఈ నంబరు ఎక్కడ పట్టారండీ?"

"వెతికాను. మొదటే వచ్చింది."

అప్పుడు మా ఆవిడ ఫోను సరిగ్గా పట్టుకుని, నిటారుగా నిలబడి హిందీలో మాట్లాడింది. ఏమందో నాకు తెలియదు. ఆ గొంతు మాత్రం తెలుసు. ట్యూషన్ గదిలో పాఠం చదవకుండా వచ్చి, కడుపునొప్పి అని అబద్ధం చెప్పే పిల్లలతో మాట్లాడే గొంతు. అవతలివాడి మెత్తదనం పోయింది. అరుస్తున్నాడు, నాకే వినిపిస్తోంది. వాడు అరుస్తుండగానే, మాట మధ్యలోనే, మా ఆవిడ వేలితో నొక్కి పెట్టేసింది.

పెట్టేశాక ఫోను వంక కొంచెంసేపు చూసింది. చేసింది తనేనా అన్నట్టుంది.

"మీరు ఏం నొక్కారండీ?"

"ఏదో లింకు. యాప్ దిగింది."

"నెట్ ఆపేయండి. ఇలా ఇవ్వండి, నేను తీసేస్తాను. ఓటీపీ ఏమైనా చెప్పారా? బ్యాంకు మెసేజీలు వచ్చాయా?"

పోలీసులు ఆవిడకు ఆ రోజు ఏమేం చెప్పారో అవన్నీ వరసగా చేస్తోంది. తలూపినప్పుడు వినలేదనుకున్నాను. ఒక్క ముక్క మర్చిపోలేదు. నేను కుర్చీలో కూలబడ్డాను.

"ఆ పెట్టెలు వచ్చిన అట్టపెట్టె ఏదండీ? దాని మీద నంబరుంటుంది."

అటక మీద ఉంటే దింపాను. నంబరు చూసింది. నేను చేసిన నంబరు చూసింది. ఒక్క అంకె కలవలేదు. కంపెనీ నంబరు కాదది. ఎవడో దొంగ, కంపెనీ పేరు పెట్టుకుని కూర్చున్నవాడు. వాడికి నేనే ఫోను చేశాను. నేనే లింకు నొక్కాను. ఇన్నాళ్ళూ ఎవడి చేతిలో పడుతుందోనని భయపడ్డానో అలాంటివాడి చేతికి మా ఆవిడను నేనే, దండం పెట్టి మరీ, అప్పజెప్పాను.

"అంతసేపు ఎందుకు మాట్లాడారండీ? మీరు ఎవరితోనైనా సగంలోనే పెట్టేస్తారు కదా."

"సార్ సార్ అన్నాడు చంద్రా. చాలా మర్యాదగా మాట్లాడాడు." ఇంక దాచుకోలేక ఏడ్చేశాను. "నిన్ను కాపాడతాడనుకున్నాను. నువ్వు ఆ వెధవకు ఫోను చేస్తానంటే నాకు ఏం చేయాలో తోచలేదు. ఎవడు చెయ్యి ఇస్తే వాడి చెయ్యి పట్టుకున్నాను."

ఆవిడ ఓదార్చలేదు. ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. మంచినీళ్ళ గ్లాసు నా వైపు జరిపింది. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పని మాట చెప్పింది.

"నాతో కూడా మర్యాదగానే మాట్లాడాడండీ. బహెన్‌జీ అన్నాడు. మధ్యాహ్నం నాకు కళ్ళు తిరుగుతుంటే, వెళ్ళి మొహం కడుక్కుని రండి, మీరొచ్చేదాకా ఆగుతానన్నాడు. ఆగాడు. నేను వచ్చి మళ్ళీ కూర్చున్నాను. వంటింట్లోకెళ్ళిన మనిషిని వెనక తలుపు తీసుకుని బయటికి పోవచ్చు కదా. పోలేదు. ఆయన ఆగుతానన్నాడు కదా అని వచ్చి కూర్చున్నాను. అది మీతో చెబితే ఇంకెంత తిడతారోనని..."

"నాకు బుద్ధి లేదు" అన్నాను.

"లేదా మరి?" అంది. ఆ మాటలో వెటకారం ఉంది. ఎన్నాళ్ళయిందో అది విని. "ఊరందరికీ శకునం చెప్పే బల్లి వెళ్ళి కుడితి తొట్టిలో పడిందట."

నవ్వలేదు గానీ నవ్వు ఎక్కడో దగ్గర్లోనే ఉంది. అంతలో ఆవిడ చూపు అట్టపెట్టె మీద ఆగింది. దాన్ని దగ్గరికి లాక్కుని లోపలికి చూసింది.

"ఏవండీ, ఎన్ని పెట్టెలు పీకారు?"

"రెండు. హాల్లోది, వంటింట్లోది. ఉన్నవే రెండు."

"ఇందులో మూడు గుంటలున్నాయి."

చూశాను. అట్టలో పెట్టెలు ఇమిడే గుంటలు మూడు. పై బొమ్మలో కూడా మూడే. ఫణికిరణ్ బిగించిన రోజు నేను ఇంట్లో లేను. ఆవిడ గదిలోంచి బయటికే రాలేదు. మూడోది ఎక్కడ పెట్టాడు? గేటు కెమెరాకు అందాలంటే వీధి వైపు ఉండాలి. వీధి వైపు ఉన్నది ఒకటే గది.

ఇద్దరం ట్యూషన్ గది ముందుకెళ్ళాం. తాళం వేసే ఉంది. తలుపు పైన వెంటిలేటరు అద్దంలో చిన్న వెలుగు. ఎప్పుడో కరెంటు పోతే పిల్లలకు చీకటవుతుందని ఈ గదికి కూడా ఇన్వర్టరు లైను వేయించింది ఆవిడే. తాళం చెవి ఎప్పటిలా క్యాలెండరు మేకుకే వేలాడుతోంది. మా బావమరిదికి అది తెలుసు. అక్క తాళం ఎందుకు వేసిందో మాత్రం తెలియదు, వాడు అడగలేదు. తీసి, పెట్టి, మళ్ళీ వేసేసి వెళ్ళిపోయాడు. ఆ కాగితం ముక్క మీద "అన్నీ" అని రాసే బదులు "మూడూ" అని రాసి ఉంటే ఈ ఆదివారం మాకు వచ్చేది కాదు.

చెవి తీసి ఇవ్వబోయాను. చంద్రకళ చెయ్యి చాచి, మళ్ళీ వెనక్కు తీసుకుంది.

"లోపల ఎవరైనా ఉంటే?"

"నేనున్నాను కదా."

"మీరు పక్కనున్నా ఇందాక వాడు గదిలోకెళ్ళి తలుపేసుకోమన్నాడు" అంది. చెవి ఆవిడ చేతిలో పెట్టి, పక్కన నిలబడ్డాను. చివరికి ఆవిడే తీసింది.

గదంతా ముక్కిపోయిన వాసన. బల్లలు, చాపలు, నల్లబల్ల మీద వేసవి ముందు రాసిన పాఠం సగం. మూల కిటికీ గట్టు మీద తెల్ల పెట్టె, దీపంతో. ఆవిడ తన ఫోను తీసి ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో ప్లగ్గు పీకింది. ఇద్దరం తల దగ్గరగా పెట్టి జాబితా చూస్తూ నిలబడ్డాం. ఉంది. ఇంకా ఉంది. తర్వాత అది పోయింది.

మళ్ళీ ప్లగ్గు పెట్టింది. కాసేపటికి దాచిన నెట్‌వర్క్ అని వచ్చింది. మళ్ళీ పీకింది. పోయింది. మళ్ళీ పెట్టింది. ఇన్నిసార్లు ఎందుకు అనలేదు నేను. ఆవిడకు ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు.

"పెట్టెలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే లైనన్నమాట" అంది చివరికి. "మనదేనండీ."

"మనదే."

ఆవిడ పిల్లల చాప మీద, ఇస్త్రీ చీర నలిగిపోతున్నా పట్టించుకోకుండా కూర్చుంది. అప్పుడు ఏడ్చింది. బాగా ఏడ్చింది. నేను పక్కన కూర్చున్నాను. ఎదురింటి దీపాలు వెలిగాయి. దేవదానం గారికి మెయిన్ వేసుకోమని చెప్పడం మర్చిపోయాం, ఆయనే చూసి చూసి వేసుకున్నట్టున్నారు.

"ఆ నంబరు ఇంకా గుర్తుందా?" అని అడిగాను. అడగకుండా ఉండలేకపోయాను.

"ఉందండీ. అది పోదు."

దీపాలు పెట్టే వేళ వచ్చింది, ఆవిడ ఫోను చాప మీద బోర్లా పడి ఉంది, చెయ్యి దాని వైపు పోలేదు. ఆ పూటకు నాకు అది చాలు.

అప్పుడే నా ఫోను మోగింది. మధ్యాహ్నం నేను చేసిన నంబరే. మోగి మోగి ఆగింది. మళ్ళీ మోగింది. ఇలాంటివాళ్ళు వదలరు. చంద్రకళ నా చేతిలోంచి ఫోను తీసుకుని ఎత్తింది. వాడు మెత్తగా, ఏమీ జరగనట్టు, "మేడమ్" అని మొదలుపెట్టాడు. రెండో మాట రాకముందే పెట్టేసింది. పెట్టేసి, పెదాలు కదిలిస్తూ ఏదో గొణుక్కుంది. అలవాటుగా "ఉంటానండీ" అందేమో, తెలియదు.

మూడోసారి మోగింది. ఆవిడ ఫోను నా ఒళ్ళో పెట్టింది.

"ఈసారి మీరు. అన్నిసార్లూ నేనే అమర్యాదగా ఉండలేను."

నేను ఎత్తాను. వాడు "సర్, యస్ సర్" అన్నాడు, అదే మెత్తటి గొంతుతో. ఆ గొంతు ఇప్పటికీ నిజంగా సాయం చేసేవాడి గొంతులాగే ఉంది. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. వాడి మాట ఇంకా సగంలో ఉండగానే పెట్టేశాను.